రేగడిలో పాతిన గుంజ

సత్తెనపల్లిలో నాది పాత ఇనుము కొట్టు. ఏ వస్తువును చూసినా నాకు ముందు దాని తూకం కనపడుతుంది, తర్వాతే దాని పని. మనుషుల విషయంలోనూ అంతే. ఎవరి బరువు ఎవరి మీద పడుతుందో చూసుకోకుండా నేను ఎవరికీ మాట ఇవ్వను.

మా చెల్లెలు ఖాజాబీ భర్త సిలార్‌కు కుడికాలి చిటికెన వేలు తీసేసిన రోజున కూడా నేను ఆ లెక్కే చూశాను. షుగరు ముదిరి పాదానికి స్పర్శ పోయింది. మేకు దిగినా, నిప్పు తగిలినా తెలియదు. గుంటూరు డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ కాలికి ఇంకో పుండు పడితే ఈసారి వేళ్లతో పోదు, మోకాలి కింద నుంచి తీసేయాల్సి వస్తుందని.

సిలార్‌ది మెకానిక్కు పని. ఊరి బయట రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఎండాకాలం ట్రాక్టరు ట్రాలీలకు వెల్డింగు, వానలు పడ్డాక మిరప రైతుల మందు కొట్టే మిషన్లకు రిపేర్లు. కంప్రెసరు నుంచి గాలి హోసు, వెల్డింగు కేబులు, గ్రైండరు వైరు, లైటు వైరు, అన్నీ నేల మీదే. మామూలు మనిషి వాటిని చూడకుండానే దాటుకుంటూ పోతాడు, ఎందుకంటే కాలికి తెలుస్తుంది. సిలార్ కాలికి తెలియదు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే హోసు తట్టుకొని బల్ల అంచు మీద పడబోయాడు.

నా లెక్క ప్రకారం ఆ షెడ్డు మూసేయాలి. ఆ మాటే అన్నాను.

"బావా, నా కొట్టుకొచ్చి కాటా దగ్గర కూర్చో. నీడ, ఫ్యాను, కుర్చీ. తుక్కు తూచటానికి కాళ్లతో పనేముంది?"

"నీ కాటా దగ్గర కూర్చుంటే, బేరం తగలని రోజు నన్ను కూడా తూచి అమ్మేస్తావు బావా" అని నవ్వాడు.

"నవ్వులాటగా ఉందా నీకు?" అంది ఖాజాబీ. "ఆ కాలు పోతే మోసుకు తిరిగేది నేను."

సిలార్ నవ్వు ఆపాడు. నా వైపు తిరిగాడు. "మా నాయన విల్లు గుర్తుందా నీకు?"

ఎందుకు గుర్తు లేదు! వాళ్ల నాయన మాబు మామ దూదేకేవాడు. చలికాలం ముందర ఊరూరా తిరిగి పరుపుల్లో దూది ఏకేవాడు. ఆ విల్లు మనిషి కంటే పొడుగు. దాన్ని చేత్తో ఎత్తి పట్టుకొని ఎవడూ పూటంతా పని చేయలేడు. అందుకని పోయిన ప్రతి ఇంట్లోనూ దూలానికి తాడు వేసి, వంచిన వెదురు బద్ద ఒకటి కట్టి, దానికి విల్లు వేలాడదీసేవాడు. ఇక చెయ్యి దాన్ని ఆడించటమే, మోయటం లేదు. "బరువు ఇంటిది, పని నాది" అనేవాడు మామ.

"హోసులూ వైర్లూ కూడా అట్టా పైనుంచే దిగాల" అన్నాడు సిలార్. "నేల మీద దారప్పోగు కూడా ఉండకూడదు. గుంజకి తిరిగే చెయ్యి ఒకటి పెడదాం. పని ఎక్కడుంటే అది అక్కడికొస్తది. నేను దాని వెంట పోను, అదే నా దగ్గరికొస్తది."

మర్నాడే నా కొట్టుకొచ్చి తుక్కు గుట్టల్లో వెతకటం మొదలుపెట్టాడు. చాలా నెలల తర్వాత ఆ ముఖంలో కళ చూశాను. రేకుల షెడ్డు బక్కది, దాని కప్పు ఏ బరువూ ఆపదు. అందుకని షెడ్డులోనే విడిగా గుంజ పాతాలన్నాడు. దానికి పాత బోరు కేసింగు పైపు ఏరుకున్నాడు. తిరిగే చేతికి నేను దళసరి ఇనప కమ్మీ చూపించాను.

"ఇదొద్దు బావా. చెయ్యి బరువైతే మొదలు దగ్గరే విరుగుద్ది."

"తేలికదిస్తే పిసినారి అంటావు, బరువుదిస్తే వద్దంటావు."

"నువ్వు బరువుదిచ్చిన రోజు ఇదొక్కటే. అందుకే భయమేస్తంది."

చివరికి స్ప్రింక్లర్ల పాత పైపు ఒకటి తీసుకున్నాడు, బారుగా, తేలిగ్గా. అసలు తెలివంతా తిరిగే చోట ఉంది. విరిగిన ట్రాలీ చక్రం నుంచి హబ్బు ఊడదీసి, బేరింగులు కడిగి, గుంజ నెత్తిన నిలువుగా వెల్డింగు చేశాడు. చెయ్యి దానికి బిగించాడు. చెయ్యి కిందికి వాలకుండా దాని కొస నుంచి హబ్బు మీదే నిలబెట్టిన పొట్టి కమ్మీ దాకా ఇనప తాడు లాగి కట్టాడు.

గుంజ పాతింది నడి ఎండల్లో. తవ్వటానికి జక్రయ్య అనే కూలి వచ్చాడు. మా నల్లరేగడి ఆ రోజుల్లో ఎట్లా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. గునపం వేస్తే ఖణేలుమని మోగి పైకి లేస్తుంది. మోకాటి లోతుకే జక్రయ్య నడుం పట్టుకొని కూర్చున్నాడు.

ట్రాలీ రిపేరుకొచ్చిన పానకాలు అనే మిరప రైతు గుంతలోకి తొంగి చూశాడు. "ఏం సిలారూ, ఇంతేనా? రేగట్లో గుంజేస్తే నల్లమట్టి దాటి అడుగున గట్టి గరప తగిలేదాకా పోవాల. మా మోటారు కొట్టం చూళ్లేదా? వానాకాలం ఒక పక్కకి మొగ్గుద్ది, ఎండాకాలం మళ్లీ లేచి కూర్చుంటది."

"నీ పొలంలో నీళ్లు పెడతావు కాబట్టి కదులుద్ది అన్నా. ఇది ఎన్నేళ్లు తొక్కిన నేల. గునపమే వంగిపోతంది, గుంజ కదులుద్దా?"

ఆ ఎండలో ఆ నేలను చూసినవాడెవడూ అది కదులుతుందని నమ్మడు. పైగా సిలార్ వంశంలో నేలను నమ్ముకొని బతికినవాడు లేడు. వాళ్ల తాతలు, తండ్రులు ఇంకొకరి ఇంటి దూలానికి విల్లు తగిలించుకొని, పనయ్యాక విప్పుకొని పోయినవాళ్లు. వేలాడదీయటంలో వాళ్లను మించినవాళ్లు లేరు. సొంతంగా గుంజ పాతటం ఆ ఇంట్లో ఇదే మొదలు. మోకాటి లోతు గుంతలోనే కాంక్రీటు పోసేశారు.

పని మాత్రం గొప్పగా కుదిరింది. నేను ఇనుముతో పుట్టి ఇనుముతో పెరిగినవాణ్ణి, అంత నున్నగా తిరిగేదాన్ని చూడలేదు. హోసు, కేబులు, వైరు మూడూ చెయ్యి వెంట సైకిలు ట్యూబు ముక్కలతో కట్టి, కొస నుంచి కిందికి వదిలాడు. వేలితో తోస్తే షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు పోయేది. ఎక్కడ వదిలితే అక్కడ ఆగేది. ఖాజాబీ ఆ రోజు షెడ్డు ఊడ్చింది. చీపురు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా దేనికీ తగలకుండా పోయింది. ఆ చివర చీపురు పట్టుకొని కాసేపు ఊరికే నిలబడింది.

ప్రతి సాయంత్రం నమాజుకు ముందు సిలార్ కాళ్లు కడిగి, చేతి అద్దం పాదం కిందపెట్టి చూడటం ఆమె అలవాటు. డాక్టరు చెప్పిందే. ఆ వేసవిలో ఎప్పుడు ఫోను చేసినా "కాలు శుభ్రంగా ఉందన్నా" అనేది. నా లెక్క తప్పిందని నేనే ఒప్పుకున్నాను. కాటా దగ్గరికి వేరే మనిషిని పెట్టుకున్నాను.

శ్రావణంలో వానలు దిగాయి. నాలుగు రోజులు వదలకుండా కురిసిన ముసురు తర్వాత సిలార్ ఫోను చేశాడు.

"బావా, చెయ్యి తనంతట తనే తలుపు వైపుకి పోతంది."

వెళ్లి చూశాను. బల్ల మీదికి లాగి వదిలితే, ముందు కొంచెం ఆలోచించినట్టు ఆగి, తర్వాత మెల్లగా కదిలి, వెళ్లి తలుపు దగ్గర నిలబడుతోంది. సిలార్ హబ్బు విప్పి కొత్త గ్రీజు పెట్టాడట, దాంతో ఇంకా తొందరగా పోతోంది. నేను గుంజ పైనుంచి దారానికి కట్టిన తూకం గుండు వదిలాను. పైన దారం గుంజను తాకుతోంది. కింద దారానికీ గుంజకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాయి.

నేల నీళ్లు తాగి ఉబ్బింది. మోకాటి లోతున పోసిన కాంక్రీటు ముద్దను ఒక పక్క నుంచి ఎత్తింది. మామూలు పైపుకు మామూలు కీలు పెట్టి ఉంటే ఆ ఒరుగుకు కదిలేది కూడా కాదు. పనితనం ఎంత బాగుందో ఒరుగు అంతగా బయటపడింది.

"దాన్ని ఇప్పుడు వాడొద్దు బావా. నేల ఆరనీ. అప్పుడు గరప దాకా తవ్వి మళ్లీ నిలబెడదాం."

"ఇప్పుడా? అటు చూడు." బయట మందు కొట్టే మిషన్లు వరసగా పెట్టి ఉన్నాయి. మిరప నారు నాటుకొనే రోజులు దగ్గరపడ్డాయి. "ఈ నెలలు పోతే సంవత్సరం పోయినట్టే. కట్టేసుకుంటాలే."

తాడుతో కట్టి చూశాడు. పని మారినప్పుడల్లా విప్పి, నడిచి, మళ్లీ కట్టాలి. హబ్బుకు బోల్టు పెట్టి బిగించి చూశాడు. బిగిస్తే రాదు, సడలిస్తే ఆగదు. చివరికి ఒక చేత్తో హోసును లాగిపట్టి, ఇంకో చేత్తో పని చేయటం అలవాటు చేసుకున్నాడు. లాగుడు ఆపటానికి కాలు దేనికో ఒకదానికి తన్నిపెట్టేవాడు. ఒకసారి నా కళ్ల ముందే పెట్టాడు.

"ఆ కాలా పెట్టేది?"

"ఎడమ కాలు పెడితే నిలబడేది దేని మీద? కుడికాలి మీద నాకు నమ్మకం లేదుగా."

పానకాలు ట్రాలీ వెనక తలుపు విరిగి మళ్లీ వచ్చింది ఆ వారమే. విరిగిన కమ్మీ అంచుకు కుడికాలు తన్నిపెట్టి సిలార్ పూటంతా వెల్డింగు చేశాడు. రబ్బరు చెప్పును కోసుకొని అంచు పాదంలోకి దిగింది. పక్కనే నిలబడిన పానకాలుకు తెలియలేదు, కాలు ఉన్నవాడికీ తెలియలేదు. ట్రాలీ వెళ్లిపోయాక నేల మీద తడి అడుగులు చూసి, వాన నీళ్లనుకున్నాడట. తర్వాత రంగు చూశాడు.

ఆ సాయంత్రం ఖాజాబీ అద్దం తెస్తే, "నేనే చూసుకున్నాలే, బాగుంది" అన్నాడు. మర్నాడూ అదే మాట. చలిగా ఉందని మేజోళ్లు తొడిగాడు. మా ఊళ్లో మేజోళ్లు తొడుక్కొనేంత చలి ఏ కాలంలోనూ ఉండదు. ఆమెకు అనుమానం రాకపోలేదు, వాసన వచ్చేదాకా నోరు తెరవలేకపోయింది. అప్పుడు నాకు ఫోను చేసింది. నేను వెళ్లేసరికి పాదం నల్లబడి ఉంది.

గుంటూరు పోయే కారులో అడిగాను. "ఎందుకు దాచావు బావా?"

"చెబితే షెడ్డు మూయిస్తారుగా."

"ఇప్పుడు మూయకుండా ఆగిందా?"

అతను కిటికీ వైపు తిరిగాడు. ఖాజాబీ ఆ కాలిని ఒళ్లో పెట్టుకొని, జ్వరం చూసినట్టు పదే పదే ముట్టుకుంటోంది. ముట్టుకున్న సంగతి అతనికి తెలియదు.

డాక్టరు ముందే చెప్పిన చోటే తీశారు.

మాఘంలో నేను ట్రాలీ ఆటో, గ్యాసు కట్టరు తీసుకొని షెడ్డుకు వెళ్లాను. ఇక మిగిలింది ఇనుమే. ఊరికే తుప్పు పట్టనివ్వటం నాకు చేతకాదు. పొలాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, గాలి పీల్చితే ఘాటుకు దగ్గు వస్తోంది. ఖాజాబీ వాకిట్లోనే ఎదురొచ్చింది.

"తీసుకుపో అన్నా దాన్ని. నా కళ్ల ముందు ఉంచబాక."

సిలార్ లోపల బల్ల దగ్గర కూర్చొని ఉన్నాడు. కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. పంచె ఒక పక్క ఖాళీగా వేలాడుతోంది. నా కట్టరును చూశాడు. గుంజ మీది చెయ్యి వైపు చూపించాడు.

"ఒకసారి తోసి చూడు బావా."

తోశాను. సగం దూరం పోయి ఆగింది. ఆగినచోటే నిలబడింది. తలుపు వైపుకు వెళ్లలేదు. ఇంకోసారి తోశాను. మళ్లీ ఆగింది. తూకం గుండు వదలాల్సిన పని లేకుండానే నాకు అర్థమైంది. నేల ఆరింది, బిగిసింది, గుంజను ఎక్కడి నుంచి వంచిందో అక్కడికే తెచ్చి నిలబెట్టింది.

"నిలబడింది చూశావా?" అన్నాడు.

"వానొస్తే మళ్లీ పోద్ది."

"పోద్ది."

"గరప దాకా తవ్వకపోతే ఏటా ఇంతే."

"ఎవరు తవ్వుతారు, నేనా?" అని కాలు లేని వైపు చూసుకున్నాడు. "వానొచ్చినప్పుడు సంగతిలే. ఇప్పుడు నిలబడింది గదా."

ఖాజాబీ తలుపు దగ్గర నుంచి నన్నే చూస్తోంది. ఒకరు తీసుకుపొమ్మంటున్నారు, ఒకరు ఉంచమంటున్నారు. నా దగ్గర ఇద్దరికీ సరిపడే తూకం లేదు. ఇంతలో పానకాలు మందు కొట్టే మిషను భుజాన వేసుకొని వచ్చాడు. సిలార్ కాలు పోయిన తర్వాత అతను రావటం అదే మొదలు. మిషనును బల్ల మీద పెట్టి, ఎటు చూడాలో తెలియక రేకుల వైపు చూశాడు.

"చూద్దామా సిలారూ? ఆడటం లేదు. కుదరకపోతే పర్లా, ఇంకో చోటికి..."

"ఇంకో చోటికెందుకు" అన్నాడు సిలార్. కుర్చీలోనే వెనక్కి వాలి, చెయ్యి చాచి, వేలాడుతున్న హోసు కొస అందుకొని లాగాడు. పైన చెయ్యి కదిలింది. చప్పుడు లేకుండా తిరిగి వచ్చి అతని నెత్తిన ఆగింది. మొదటిరోజు అతను చెప్పింది అదే. తను దాని వెంట పోడు, అదే తన దగ్గరికొస్తుంది.

నేను కట్టరును మళ్లీ ఆటోలోకి ఎక్కించాను. ఖాజాబీ తలుపు దగ్గర నుంచి వెళ్లిపోయింది. కంప్రెసరు చప్పుడు మొదలైంది.

బయటికి వస్తూ గుంజ మొదలు చూశాను. కాంక్రీటు ముద్ద చుట్టూ నేల నెర్రెలు విచ్చింది. వేలు పెట్టి చూస్తే అడుగు తగల్లేదు. ఎంత లోతుందో, మొదటి వాన నీరు ఎక్కడి దాకా దిగుతుందో. కాలితో కొంచెం మట్టి తోశాను. అది లోపలికి జారిపోయింది, నెర్రె అట్లాగే ఉంది.