గురువారం తిట్లు

జల్లూల్ కుడిచేత్తో రొట్టెముక్కను హరీసా కారంలో అద్దుకుంటూ, ఎడంచేత్తో కంప్యూటర్ మీటలు నొక్కుతూ, తెర మీది కొండల్ని ఒక్కొక్కటిగా సరిచూసుకుంటున్నాడు. కారం నూనె చుక్క ఒకటి చొక్కా మీద పడింది. దాన్ని బొటనవేలితో రుద్ది ఇంకాస్త పెద్దది చేశాడు. పక్క బల్ల దగ్గర దలీలా ముక్కు చిట్లించి ఫ్యాను తనవైపు తిప్పుకుంది. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటున్నా, ఒకరంటే ఒకరికున్న చిరాకు మాత్రం ఇంకా కొత్తగానే ఉంది.

అతనికి అరవై దగ్గరపడుతున్నాయి. మెడ లేదేమో అన్నట్టు భుజాల్లోకి కూరుకుపోయిన తల, మందపాటి కళ్లద్దాలు, సిగరెట్ పొగకు పసుపెక్కిన మీసం. ట్యూనిస్‌లోని ఈ ఫోన్ కంపెనీకి అతను రాసిన ప్రోగ్రామే కళ్లు. ఎక్కడ టవర్ నిలబెడితే ఏ ఊరికి సిగ్నల్ అందుతుందో, ఏ కొండ దానికి అడ్డొస్తుందో అది ముందే లెక్కగట్టి చెబుతుంది. అందే చోటికి పచ్చరంగు, అందని చోటికి ఎరుపు. అతను పెళ్లి చేసుకోలేదు, సొంతిల్లు కట్టుకోలేదు, స్నేహితుల్ని కూడబెట్టుకోలేదు. ఉన్నదల్లా ఆ ప్రోగ్రామే. అందులో తప్పుందని ఎవరైనా నోరు జారితే, కన్నతల్లిని అన్నట్టు మీదికి లేచేవాడు. అందుకే ఆఫీసులో ఎవరూ అతని పక్కన కూర్చుని కాఫీ తాగరు.

దేశమంతటి పటం ఆ సాయంత్రమే సర్కారుకు వెళ్లాలి. ఎర్రగా ఉన్న ఊళ్లకు కంపెనీ కొత్త టవర్లు వేసి తీరాలి. పచ్చగా ఉన్న ఊళ్ల మొహం మళ్లీ ఐదారేళ్లదాకా ఎవరూ చూడరు.

బల్ల మీద ఫోన్ మోగింది. గురువారం కదా, ఎవరో చూడక్కర్లేదు.

"ఏం రంగుల మేస్త్రీ! ఇవాళ మా ఊరికి ఏం రంగేశావు?"

లజ్‌హర్ గొంతు అది. దేశానికి దక్షిణాన, అల్జీరియా సరిహద్దు దగ్గర కొండల చీలికలో ఐన్ సమ్రా అనే ఊళ్లో ఖర్జూర చెట్లు ఎక్కే ముసలాయన. కిందటి వసంతంలో ఫిర్యాదుల కౌంటర్లో ఎవడో బుద్ధిలేనివాడు విసుగెత్తి ఆయనకు జల్లూల్ నంబరు ఇచ్చేశాడు. అప్పట్నుంచి ఆయన వారం వారం ఊరి పక్క కొండెక్కి, సిగ్నల్ దొరికిన చోట కూర్చుని, తీరిగ్గా తిట్టి దిగిపోతాడు. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఖర్జూరం కోతల కాలంలో ముసలాయన బస్సు డ్రైవర్ చేత ఒక సంచీ పంపించాడు. విప్పి చూస్తే ఒట్టి ఖర్జూరం గింజలు. "పండ్లు మేం తిన్నాం, గింజలు నువ్వు తిను" అన్నాడు ఆ వారం. జల్లూల్ వాటిని పారేయలేదు. ఖాళీ ఆలివ్ కాయల సీసాలో పోసి, తెర పక్కనే పెట్టుకున్నాడు. దక్షిణాదివాళ్లు ఎలాంటి మనుషులో అందరూ చూడాలనట.

"పచ్చరంగే" అన్నాడు జల్లూల్. "నిన్నా పచ్చే, రేపూ పచ్చే. నీ చెవుల్లో గులిమి ఉంటే నేనేం చెయ్యను?"

"గులిమి నీ కళ్లల్లో ఉంది! మొన్న మా ఊరి కుర్రాడు సాలిహ్ చెట్టు మీంచి పడ్డాడు. నేను ఈ కాళ్లతో కొండెక్కి అంబులెన్సుకు ఫోన్ చేసి దిగేసరికి పిల్లాడు లేడు. వాడికీ గులిమేనా?"

జల్లూల్ తడబడ్డాడు. తడబడ్డప్పుడు అతని నోరు ఇంకా పాడవుతుంది.

"మీవన్నీ డొక్కు ఫోన్లు. నా లెక్క తప్పదు."

"లెక్కట లెక్క! ఊరంతా తిరిగినా ఒక్క గీత రాదు. వచ్చేది ఎక్కడో నిన్న ఫోన్ జేబులో వేసుకుని చెట్టెక్కితే తెలిసింది. చెట్టు తల మీద! మట్టల మధ్య కూర్చుంటే మూడు గీతలొస్తాయి. ఏం, ఆడాళ్లనీ పిల్లల్నీ తీసుకెళ్లి అక్కడ కాపురం పెట్టించమంటావా? కోతులమనుకున్నావా మమ్మల్ని?"

"పెట్టుకో, పో!" జల్లూల్ ఫోన్ ఠపీమని పెట్టేశాడు.

దలీలా నవ్వు దాచుకోలేదు. అతను రొట్టె అందుకున్నాడు, కొరికాడు, నములుతూ ఆగిపోయాడు. చెట్టు తల మీద మూడు గీతలు. నేల మీద ఒక్కటీ లేదు.

కొండల ఎత్తులు అతను వెళ్లి కొలిచినవి కావు. ఆకాశంలోంచి యంత్రం కొలిచి ఇచ్చినవి. పైనుంచి చూసే యంత్రానికి ముందుగా ఏది తగిలితే అదే నేల. ఉత్తరాన అడవులున్న చోట చెట్ల ఎత్తు తీసేసి లెక్క వేయాలని అతనికి తెలుసు, అలాగే రాశాడు. దక్షిణం సంగతి వచ్చేసరికి, ప్రోగ్రాం చకచకా నడవాలని ఒక్క ముక్క రాసి వదిలేశాడు: చెట్లు లేవు. అక్కడేముంటుంది, రాళ్లూ దుమ్మూ తప్ప! అని రాసిననాడు నవ్వుకున్నాడు కూడా. స్ఫాక్స్ పట్నం దాటి దక్షిణానికి అతను ఒక్కసారీ వెళ్లలేదు.

ఆ ముక్క ఇప్పుడు వెతికి తీశాడు. కొండ చీలికల్లోని ఖర్జూర తోటలన్నిటికీ చెట్టంత ఎత్తు తగ్గించి మళ్లీ లెక్క కట్టించాడు. ఇన్నేళ్లూ ప్రోగ్రాం ఐన్ సమ్రా జనాన్ని చెట్ల కొసల మీద నిలబెట్టి, అందరికీ సిగ్నల్ ఉందని చెబుతూ వచ్చింది. ఇప్పుడు వాళ్లు నేలకు దిగారు. దిగగానే కొండ అంచు అడ్డొచ్చింది. ఊరు ఎర్రబడింది. దాని వెనక ఇంకో ఊరు, ఆ వెనక మరోటి.

సాలిహ్ అన్నవాడికి ఎన్నేళ్లుంటాయో కూడా తాను అడగలేదు. జల్లూల్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేశాడు. దిద్దిన పటం మీద తన పేరు వేసి సర్కారుకు పంపించేశాడు.

కాసేపటికి మేనేజర్ వజ్దీ వచ్చాడు. వయసులో చాలా చిన్నవాడు, మనిషికంటే ముందు అత్తరు వస్తుంది.

"ఏంటిది జల్లూల్ గారూ, దక్షిణానికి తట్టు పోసినట్టుంది? పాత పటం పంపండి."

"పాతది తప్పు."

దలీలా తల తిప్పి చూసింది. తన ప్రోగ్రాం గురించి ఆ మాట అతని నోట ఆమె ఎన్నడూ వినలేదు.

"ఎవరి తప్పు?"

"నాదే. నేనే రాశాను, గుడ్డిగా రాశాను."

"మీ గుడ్డితనానికి కంపెనీ టవర్లు కట్టాలా? ముందు దాన్ని మార్చండి."

"పంపేశాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే, ఎందుకో వాళ్లకు మీరే చెప్పుకోవాలి."

వజ్దీ మొహం గంటుపెట్టుకుని, గొంతు మాత్రం పెంచకుండా అన్నాడు. "మీకు సెలవులు చాలా మిగిలాయిగా. రిటైరయ్యేదాకా వాడుకోండి. రేపట్నుంచి రానక్కర్లేదు."

వజ్దీ వెళ్లాక జల్లూల్ ఫోన్ తీసి మొదటిసారి తానే లజ్‌హర్‌కు కలిపాడు. 'మీరు ఫోన్ చేసిన వ్యక్తి సిగ్నల్ అందని చోట ఉన్నారు' అంది ఒక ఆడగొంతు, అరబ్బీలో, తర్వాత ఫ్రెంచిలో. చివరిదాకా విన్నాడు. మళ్లీ కలిపాడు, మళ్లీ విన్నాడు. లజ్‌హర్ అన్ని గురువారాలూ తిట్టిన తిట్లలో ఏదీ ఇంత సూటిగా తగల్లేదు.

"ఊళ్లోనే ఉన్నాడు" అన్నాడు, ఎవరితోనో. కోటు చేతి మీద వేసుకుని, దలీలా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఆమె కూడా పిలవలేదు. ఫ్యాను మాత్రం మామూలుగా తిప్పి పెట్టింది.

మళ్లీ గురువారం ఆ బల్ల మీద ఫోన్ మోగింది. ఎంతకీ ఆగకపోతే, విసుక్కుంటూ దలీలానే ఎత్తింది.

"ఏం రంగుల మేస్త్రీ! చెవుడు కూడా వచ్చిందా?"

"ఆయన లేరు. తీసేశారు."

"అంత పనికొచ్చే పని ఏం చేశాడో?"

"మీ ఊరికి ఎర్రరంగు వేశారు. మీకు టవర్ వస్తుంది."

అవతల కొండ మీద గాలి హోరుమంది.

"తప్పు తనదేనని ఒప్పుకున్నాడా వాడు?"

"ఒప్పుకున్నారు. నేను విన్నాను."

ముసలాయన రొప్పు ఇంకా తీరలేదు, కొండ నిటారుగా ఉంటుందేమో.

"మరి నేనిప్పుడు ఎవర్ని తిట్టాలమ్మా?"

దలీలా ఫోన్ పెట్టేసి, ఆ బల్ల ఖాళీ చేద్దామని సీసా చేతిలోకి తీసుకుంది. గింజలు ఒకదాన్నొకటి రాసుకుని గలగలమన్నాయి. మూత మీద హరీసా నూనెతో పడిన బొటనవేలి ముద్ర చూసి, దాన్ని తుడవకుండా ఉన్నచోటే మళ్లీ పెట్టేసింది.