కృపారాణి చెప్పిన 2666

కర్నూల్లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పదకొండేళ్లుగా హార్డ్‌వేర్ పాఠాలు చెబుతున్నాను. అడిగినదానికి తెలియదనడం నాకు చేతకాదు. ఆ రోగమే నా పరువు తీసింది.

ల్యాబ్ కంప్యూటర్లు నత్తనడక నడుస్తున్నాయని కొత్త ర్యామ్‌లు తెప్పించాను. ర్యామ్ వేగాన్ని చెప్పే అంకెను మా బజారులో బస్ స్పీడ్ అంటారు. వీటి మీద 3200 అని ఉంది. ఇవి పెడితే కంప్యూటర్లు 3200తో పరిగెడతాయని క్లాసులో గొప్పగా చెప్పాను.

వెనక బెంచీలోంచి కృపారాణి లేచింది. రోజూ ఓర్వకల్లు నుంచి బస్సులో వచ్చే పిల్ల.

"సార్, మన ప్రాసెసర్ 2666కు మించి తీసుకోదు. 3200 పెట్టినా 2666తోనే పోతాది" అంది.

నాకు ఒళ్లు మండింది. "ఏమ్మా, ఇది మీ ఓర్వకల్లు బస్సనుకుంటివా? ముందర ఎద్దుల బండి పోతాంటే ఎనకాల నిదానంగా పోయేకి?" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి ఆమె పేరు 'ఓర్వకల్లు బస్సు' అయిపోయింది. నేనూ ఒకటి రెండుసార్లు అలాగే పిలిచాను. నాలుగో రోజు నుంచి ఆమె రావడం మానేసింది.

పరీక్షకు వారం ఉందనగా ర్యామ్‌లు బిగించాను. తెర మీద 2666 అని వచ్చింది. తీసి మళ్లీ పెట్టాను. ఇంకో కంప్యూటర్లో పెట్టాను. అదే 2666. చివరికి ప్రాసెసర్ వివరాలు వెతికి చదివితే, దాని హద్దే అంత. ముందు ఎద్దుల బండి నిజంగానే ఉంది. ఆ మాట అన్నది నేను, అర్థం కానిదీ నాకే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఫోన్ చేశాను. "నువ్వు చెప్పిందే నిజమమ్మా. తప్పు నాది. పరీక్ష పోతాది, రామ్మా."

"ఆ మాట అందరి ముందర అంటిరి సార్. ఈ మాట నాకొక్కదానికే చెప్తాండారు" అంది.

మర్నాడు క్లాసులో మళ్లీ ఆమెకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, టేబుల్ మీద ఉంచాను. "కృపారాణి చెప్పిందే రైటు. నాకు తెలీదు. తెలీక ఆయమ్మిని ఎగతాళి చేసినా. ఈ ర్యామ్‌లు వాపసు ఇచ్చేస్తా" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఆ ర్యామ్‌లు వాపసు ఇయ్యాకండి సార్" అంది ఫోన్‌లో కృపారాణి. "పాతవి 2400యే కదా, 2666 వచ్చినా మేలే. రేపొచ్చి నేనూ బిగిస్తా."

ఆ సంగతి కూడా నాకు తట్టలేదు.