కడగక్కర్లేని పాలకూర

మూడో అంతస్తులో ఉండే సైన్సు టీచరమ్మకి ఆ భవనంలో ఒక పేరుంది: మందు లేని టీచరమ్మ. ఎవరో వేళాకోళానికి పెట్టారు గాని ఆవిడ దాన్ని బిరుదులాగే మోసింది. ఉన్నది ఆరడుగుల బాల్కనీ. పాత రంగు డబ్బాల్లో టమాటా, చెవి ఊడిన బకెట్లో వంగ, పిల్లలు స్నానాలు చేసి వదిలేసిన ప్లాస్టిక్ తొట్టిలో పాలకూర, కమ్మీలకు కట్టిన సీసాల్లో కొత్తిమీర, పుదీనా. బట్టలారేసే చోటు లేక వాళ్లాయన చొక్కాలు వంటింట్లో ఆరేవి. మెట్ల మీద ఎవరు కనబడినా ఆపి మరీ, "బజారు ఆకు తింటున్నారా? పురుగుమందులు తింటున్నారన్నమాట" అనేది.

కింది వాటాలో బట్టలు కుట్టే అమ్మాయికి ఏడో నెల. రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు బాగా తినమని డాక్టరు చెప్పినప్పటి నుంచి రోజు విడిచి రోజు టీచరమ్మే గుప్పెడు పాలకూర కోసి ఇచ్చేది. "కడగక్కర్లేదు, ఊరికే నీళ్లలో ముంచి తీస్తే చాలు" అని ప్రతిసారీ చెప్పేది. అలా చెప్పడమంటే ఆవిడకి మహా ఇష్టం.

ఆ ఏడు టమాటాకి తెల్లదోమ పట్టింది. వేపనూనె కొట్టింది, సబ్బునీళ్లు చల్లింది, ఒక్కో ఆకూ తిప్పి వేలితో తుడిచింది. దోమ లేచి ఓ చుట్టు చుట్టి మళ్లీ అక్కడే వాలేది. సరిగ్గా అప్పుడే హెడ్మిస్ట్రెస్ శనివారం టీచర్లందరినీ వెంటబెట్టుకుని బాల్కనీ చూడ్డానికొస్తానంది. సోమవారం స్కూలు నుంచి వస్తూ టీచరమ్మ దారి మార్చుకుని, తననెవరూ ఎరగని వీధిలో విత్తనాల కొట్టుకి వెళ్లింది.

"కొట్టాక పది రోజులు కోయకండమ్మా," అన్నాడు కొట్టతను, మందు సీసా కాగితంలో చుడుతూ.

మర్నాడు వాళ్లాయన లేవకముందే ముక్కుకి రుమాలు కట్టుకుని కొట్టేసింది. గాలి తిరిగి తుంపర పాలకూర తొట్టి మీద కూడా పడింది. పడడం ఆవిడ చూసింది. ఆకు ఇంకా ఎదగలేదని కింద చెబితే సరిపోతుందనుకుని, సీసాని సబ్బుపొడి డబ్బాలో దాచి స్కూలుకి బయల్దేరింది. దిగేటప్పటికి ఆ అమ్మాయి గుమ్మంలో కూర్చుని గుండీలు కుడుతోంది. నవ్వింది. టీచరమ్మా నవ్వింది. చెప్పడం మాత్రం రేపటికి వాయిదా వేసింది. ఆ రేపూ అలాగే గడిచింది.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి తొట్టి సగం బోసిగా ఉంది.

"కింద అమ్మాయి వచ్చింది. నేనే కోసిచ్చా. నువ్వు పిసినారిలా గుప్పెడిస్తావు, నేను దండిగా ఇచ్చాలే," అన్నాడు వాళ్లాయన. ఆ రోజు ఆయనకి ప్రెస్సులో సెలవు.

ఆవిడ భుజాన సంచీ ఉండగానే మెట్లు దిగింది. ఆ అమ్మాయి బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తోంది.

"పాలకూర వండావా?"

"మధ్యాహ్నమే తినేశానక్కా. ఎంత లేతగా ఉందో."

"బాగా కడిగావా?"

"మీ ఆకుకి కడగడమేంటక్కా?" అంది ఆ అమ్మాయి కత్తెర ఆపి.

చెప్పాల్సింది అప్పుడే. మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఊరికే అడిగాలే," అని టీచరమ్మ పైకొచ్చేసింది. వంటింట్లో స్టూలు మీద కూర్చుని, పడింది తుంపరే కదా అనుకుంది. రెండు రోజులయింది కదా అనుకుంది. పిల్లలెవరైనా ఇలాంటి జవాబు రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేదే.

గంట గడిచిందో లేదో, కింద వాంతి చేసుకుంటున్న చప్పుడు కిటికీలోంచి వినబడింది.

ఆవిడ లేచి సబ్బుపొడిలో చెయ్యి పెట్టి సీసా బయటికి లాగింది. "ఇదేంటి?" అన్నాడు వాళ్లాయన.

"పురుగుమందు. ఆకు మీద పడింది. ఆ పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఆటో పిలవండి."

ఆయన చెప్పులేసుకుని పరుగెత్తాడు.

ఆస్పత్రిలో మంచం పక్కనే నిలబడి డాక్టరమ్మ అడిగింది. "మందు కొట్టింది మీరేనా?"

"నేనే. మంగళవారం."

"తినకూడదని తెలుసా?"

"తెలుసు."

"ఈవిడకి చెప్పారా?"

"లేదు."

అన్నీ ఆ అమ్మాయి వింటూనే ఉంది. నాలుగు గంటలు అక్కడే ఉంచారు. బిడ్డ గుండె చప్పుడు బాగుందన్నారు. వాంతి ఆ పురుగుమందు వల్లో కాదో గట్టిగా చెప్పలేం, ఇంటికి వెళ్లొచ్చన్నారు. వ్యాను డ్రైవరైన ఆ అమ్మాయి మొగుడు పరుగున వచ్చి అంతా విని, "మీరు చదువుకున్నవారని మీ మాట విన్నామండీ," అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. కేకలేసినా బాగుండేదని టీచరమ్మకి అనిపించింది.

"సాయంత్రం వచ్చి కడిగావా అన్నారే. అప్పుడైనా ఎందుకు చెప్పలేదక్కా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"సిగ్గేసింది."

ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారం జ్వరమని కబురు పెడదామా అని ఫోను తీసింది టీచరమ్మ. మళ్లీ పెట్టేసింది. వచ్చిన తొమ్మిది మందికీ ఖాళీ డబ్బాలు చూపించి, మొక్కలు పీకి పారేశానని, ఎందుకో చెప్పింది. హెడ్మిస్ట్రెస్ కమ్మీల కేసి చూస్తూ నిలబడింది. లెక్కల మాస్టారు, "పోనీలెండి, కొట్టనివాళ్లెవరు," అన్నాడు. ఆ ఓదార్పుకే ఆవిడ తల వాలిపోయింది. ఆ తర్వాత ఎన్నాళ్లో ఆవిడ కింది వాటా ముందు నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని దిగేది.

ఆడపిల్ల పుట్టింది. నెల తిరిగాక ఒక ఆదివారం ఆ అమ్మాయి మొగుడే పైకొచ్చి, "చూడ్డానికి రాలేదేమండీ, మా ఆవిడ అడుగుతోంది," అన్నాడు. టీచరమ్మ వెళ్లి గుమ్మం దగ్గరే ఆగింది. ఆ అమ్మాయి లేచొచ్చి బిడ్డని చేతుల్లో పెట్టింది. బరువుగా, వెచ్చగా ఉంది. టీచరమ్మ బిడ్డ మొహం చూసింది గాని తల్లి మొహం చూడలేకపోయింది.

"మళ్లీ ఏమైనా వేశారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"మట్టంతా మార్చి కొంచెం వేశాను. మేమే తింటున్నాం."

"అలాగా," అంది ఆ అమ్మాయి. పంపమనీ అనలేదు, వద్దనీ అనలేదు. టీచరమ్మా అడగలేదు. బిడ్డ ఏడిస్తే జాగ్రత్తగా తల్లికి అందించి పైకి వెళ్లిపోయింది.