ఎదిగే పిల్లల కుట్టు

కంపెనీ అమ్మేసిన మర్నాడు కూడా టేపమ్మ ఎప్పటిలాగే తెల్లారకముందే లేచింది. మొహం కడుక్కుని, మెడలో టేపు వేసుకుని, చెప్పుల దాకా వెళ్లి ఆగిపోయింది. వెళ్లడానికి చోటేదీ? వెనక్కి వచ్చి మంచం మీద కూర్చుంటే పక్కన ఆయన గుర్రు. ఆ మహానుభావుడు కంపెనీ ఉన్నప్పుడూ అలాగే గుర్రు పెట్టాడు, అమ్మేశాకా అలాగే పెడుతున్నాడు. ఎంత అదృష్టవంతుడో అనుకుని, ఒళ్లు మండి, ఆయన మీది దుప్పటి కాస్త గట్టిగానే లాగింది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

టేపమ్మ అనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. బడిపిల్లలకి యూనిఫారాలు కుట్టే ఆ కంపెనీలో పనివాళ్లు పెట్టింది. బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చున్నా, పెళ్లిలో భోజనానికి కూర్చున్నా ఆవిడ మెడలో కొలతల టేపు ఉండాల్సిందే. అద్దెగదిలో ఒక్క మిషనుతో మొదలుపెట్టి, ఊళ్లో సగం బడుల పిల్లల ఒంటి మీద తన కుట్టే ఉండేంత దాకా తెచ్చింది. మోకాళ్లు అరిగాయి, కళ్లకి మసక వచ్చింది, ఇక చాలనుకుంది. మంచి బేరం రాగానే అమ్మేసింది. కూర్చుని తిన్నా తరగనంత చేతికొచ్చింది. చుట్టాలూ స్నేహితులూ అంతా "ఇక హాయిగా ఉండు" అన్నవాళ్లే. ఆ హాయి ఏ వీధిలో ఉంటుందో, ఏ తలుపు తట్టాలో ఒక్కరంటే ఒక్కరు చెప్పి పోలేదు.

వెతకలేదనకండి, వెతికింది. ఆయన్ని వెంటబెట్టుకుని కొండలు చూసొచ్చింది, ఓడెక్కింది. ఆయన సముద్రాన్ని చూస్తూ నోరు తెరుచుకుని కూర్చుంటే, ఈవిడ ఓడలో కిటికీ తెరల అంచులు తిరగేసి, ఆ కుట్టు కుట్టినవాళ్లని నోరారా తిట్టుకుంది. తిరిగొచ్చాక మట్టితో బొమ్మలు చేయడం నేర్పే చోట చేరింది. కూజాలాంటిదొకటి చేసింది. "అబ్బ, ఎంత బాగుందో!" అంది నేర్పే అమ్మాయి. "ఎవరిక్కావాలి ఇది?" అని అడిగింది టేపమ్మ. ఇప్పుడా కూజా వంటింట్లో గిన్నెల వెనక దుమ్ము తింటోంది.

కూతురు పక్క వీధిలోనే ఉంటుంది, సలహాలకి కొదవ లేదు.

"అందరికోసం చేసింది చాలు. ఇకనైనా నీకోసం నువ్వు బతుకమ్మా."

"నాకోసం నేను బతకడమంటే ఏం చెయ్యాలే?"

"నీకేదిష్టమో అది చెయ్యి."

"నాకిష్టమైందాన్ని అమ్మేశాను కదే!"

కూతురు ఫోను తీసి చూసుకుంది.

ఈ లోపల వ్యాపారం చేసే ఆడవాళ్ల సంఘంవాళ్లు పిలిచి, పెద్ద హాల్లో మాట్లాడమన్నారు. ఎలా పైకొచ్చిందో చెప్పింది, చప్పట్లు కొట్టారు. చివర్లో ముందువరసలోని ఒకావిడ లేచి, "అన్నీ సాధించారు కదండీ, ఇప్పుడు మీ లక్ష్యం ఏమిటి?" అని అడిగింది. టేపమ్మ, "ఇంటికెళ్లి పడుకోవడం" అంది. హాలంతా గొల్లుమంది. ఆవిడ వేళాకోళానికి అనలేదు. పని చేసిన రోజుల్లో ఎంత అలిసినా పొద్దున్నకి తీరిపోయేది. ఇప్పుడు ఏ పనీ లేదు, అయినా పొద్దున లేస్తూనే అలసట. ఎందుకో తెలియక ఏడుపు కూడా వచ్చేది. ఇంత ఉండి ఏడుస్తోందంటే నలుగురూ నవ్వుతారని స్నానాల గదిలోకెళ్లి ఏడ్చేది.

అలాంటి రోజుల్లో వదిన మంచాన పడింది.

వదినంటే ఆయన అక్కగారు. ముక్కు మీద కోపం, నోరు తెరిస్తే చీవాట్లు, మనసు మాత్రం వెన్న. చిన్న వయసులోనే భర్త పోతే తమ్ముడింటికి వచ్చి, ఆ అద్దెగదిలో కత్తెర పట్టుకుంది. కత్తిరింపు వదినది, కుట్టు టేపమ్మది. ఎదిగే పిల్లల కుట్టు కూడా వదిన బుర్రలోంచి పుట్టిందే. పిల్లలు ఇట్టే పొడుగైపోతారు, ఏటేటా కొత్త గౌను కొనాలంటే తల్లుల ప్రాణం మీదికొస్తుంది. అందుకని పక్క కుట్ల లోపల, చంకల్లో, కింది అంచులో గుడ్డ కత్తిరించకుండా మడిచి వదిలేసేవాళ్లు. పిల్ల ఎదిగాక తల్లి కుట్టు విప్పి వదులు చేసుకునేది. కంపెనీకి పేరొచ్చిందే దానివల్ల. కొన్నవాళ్లు వస్తూనే మొట్టమొదట దాన్నే ఆపేశారు, గుడ్డ దండగట. ఆ సంగతి తెలిసినప్పుడు వదిన, "వాళ్ల మొహం!" అని ఊరుకుంది. ఆవిడ మాత్రం ఆ పాత అద్దెగది పైనున్న వాటా కొనుక్కుని, ఒక ఆయాని పెట్టుకుని అక్కడే ఉండిపోయింది.

వదినకి కడుపులో ఆపరేషను జరిగింది. ఇంటికొచ్చాక చూడవచ్చిన డాక్టరు టేపమ్మని పక్కకి పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు. "తీయాల్సింది తీసేశాం. ఇక ఆవిడ తినాలి, నడవాలి. ఇలాగే తినకుండా పడుకున్నారంటే మళ్లీ లేవరు. మందుల చేతుల్లో ఏమీ లేదు."

వదిన తినదు. నడవదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది. "చాల్లే" అంటుంది. ఏమడిగినా అదే మాట. టేపమ్మ తనకి చేతనైంది తను చేసింది, అంటే డబ్బు వెదజల్లింది. మీట నొక్కితే లేచే మంచం తెప్పించింది. పగలొక నర్సు, రాత్రొక నర్సు. బుట్టలకి బుట్టలు పళ్లు. పట్టులాంటి మెత్తటి గౌన్లు పెట్టెలకొద్దీ కొని, పొద్దున్న వెళ్తే సాయంత్రం దాకా అక్కడే ఉండి, తిను తినమని పోరేది. నిజం చెప్పాలంటే ఆ వారమంతా ఆవిడ చెప్పుల దగ్గర ఆగలేదు. వెళ్లడానికొక చోటు దొరికింది మరి.

ఒకరోజు వదిన ఇటు తిరిగింది.

"ఏమే, నీకు తిన్నది అరగట్లేదా? పొద్దస్తమానం వచ్చి నా మీద పడతావు. కంపెనీ అమ్ముకున్నావు, తోచట్లేదు, నేను దొరికాను. నేను నీ కాలక్షేపాన్నా?"

"అయ్యో, అవేం మాటలు వదినా!"

"ఉన్నమాటే. ఆ మంచం నీకోసం కొన్నావు, నాకోసం కాదు. పో, ఇంటికి పో. నన్ను పడుకోనీ."

టేపమ్మ మెట్లు దిగుతూ ప్రతి మెట్టు దగ్గరా కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. వదిన అన్నదాంట్లో అబద్ధం ఉంటే కదా రావడానికి! ఇంటికెళ్లి, మళ్లీ అటు వెళ్లలేదు. మంచం, ఆయన గుర్రు, గిన్నెల వెనక కూజా. వదిన పోతే తనకి చీవాట్లు పెట్టేవాళ్లు కూడా ఉండరని తలుచుకుని హడలిపోయింది.

ఆయా ఫోను చేసింది. "మీరొక్కసారి రావాలమ్మా. అమ్మగారు కిటికీ దాకా వెళ్దామని లేచారు. లేచారే అని నేను సంబరపడేలోపే గౌను కాళ్లకి అడ్డంపడి కూలబడ్డారు. దెబ్బలేం తగల్లేదు గానీ, ఇక జన్మలో లేవనంటున్నారు."

టేపమ్మ ఉన్నపళంగా బయల్దేరింది. ఈసారి పళ్లు లేవు, బుట్టలు లేవు, మెడలో టేపొక్కటే. వెళ్లి చూస్తే ఏముంది, జబ్బుకి ముందు కుట్టించుకున్న పాత గౌనులో వదిన ఎక్కడుందో వెతుక్కోవాలి. భుజాలు జారిపోయి, అంచు నేల మీద ఈడుస్తోంది. కొని తెచ్చిన పట్టు గౌన్లు పెట్టెల్లోనే ఉన్నాయి. రోజూ పక్కనే కూర్చుని తన కంటికి ఇది ఆనకపోవడం ఏమిటని సిగ్గేసింది.

"లేవండి వదినా, కొలత తీసుకోవాలి."

"ఎందుకు, పాడె కట్టడానికా?"

"ఆ నోటికి కూడా కొలత తీస్తాను, చెయ్యెత్తండి."

వదిన కళ్లు మూసుకుని చెయ్యెత్తింది. టేపమ్మ టేపు చుట్టి చూసింది. అంత మనిషి ఏమైపోయింది? బడిపిల్ల కొలతలు వస్తున్నాయి. బయటికి అనకుండా మనసులో రాసుకుంది.

"ఎవరి చేత కుట్టిస్తావు?"

"నేనే కుడతాను."

"నువ్వా! మేనేజర్ల మీద కేకలెయ్యడం తప్ప మిషను తొక్కి ఎన్నాళ్లయిందే?"

వాళ్ల మొదటి మిషనుని వదిన తన దగ్గరే ఉంచుకుంది, అక్కడే కిటికీ పక్కన, గుడ్డ కప్పుకుని ఉంది. టేపమ్మ గుడ్డ తీసి నూనె వేసింది. సూదిలోకి దారం ఎక్కించేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. కత్తిరించమని వదిననే అడిగితే, "నా చేతిలో కత్తెర నిలుస్తుందా?" అంది. ఆయా చేత గుడ్డ తెప్పించి, తనే సుద్దతో గీసి, తనే కత్తిరించింది. తొక్కితే మోకాళ్లు కలుక్కుమన్నాయి, దారం తెగింది. ఎక్కించింది, మళ్లీ తెగింది. మంచం మీంచి వదిన గొంతు: "బిగించి చచ్చావు, కాస్త వదులు చెయ్యి." అన్నదే గానీ, గోడవైపు కాకుండా ఇటు తిరిగి అంది. సాయంత్రానికి గౌను అయింది. వంకర టింకరగా ఉన్నా అయింది.

వదిన దాన్ని అందుకుని, వెనకటి అలవాటు చొప్పున ముందు లోపలివైపుకి తిరగేసింది. కుట్టు మీద వేలు పోనిచ్చి చూస్తూ చూస్తూ ఆగింది. చంకల్లో చూసింది. అంచు తిరగేసింది.

"ఏమిటే ఇది?"

టేపమ్మ వంగి చూసింది. పక్క కుట్ల లోపల గుడ్డ మడిచి ఉంది. అంచులో జానెడు మడత. చంకల్లో కూడా. తను పెట్టాలనుకుని పెట్టలేదు. గీసేటప్పుడు గమనించలేదు, కత్తిరించేటప్పుడు గమనించలేదు, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. రోజురోజుకీ చిక్కిపోతున్న మనిషికి ఎదిగే పిల్లల కుట్టు కుట్టి ఇచ్చింది! మొహం కందిపోయింది.

"అయ్యో వదినా, వెక్కిరించడానికి కాదు, ఒట్టు. అలవాటులో... ఇలా ఇవ్వండి, కత్తిరించేస్తాను."

వదిన ఇవ్వలేదు. భుజాలు కదిలాయి. నవ్వుతోంది. ఆపరేషను కుట్లు లాగుతున్నా, కడుపు పట్టుకుని మరీ నవ్వుతోంది.

"ఇంకా ఎదుగుతాననుకున్నావటే నేను? ఈ వయసులో?"

నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. ఆవిడ ఏడవడం టేపమ్మ అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"డాక్టరు మొహం దించుకుంటాడు. నర్సు మొహం దించుకుంటుంది. మా తమ్ముడు గుమ్మంలోంచే చూసి పోతాడు. అందరూ తేల్చేశారే నా సంగతి. నువ్వేమో గుడ్డ వదిలావు."

"కత్తిరించనా మరి?"

"కత్తెర పక్కన పెట్టు. ఉండనీ."

ఆ గౌను తొడుక్కుని, టేపమ్మ భుజం పట్టుకుని వదిన కిటికీ దాకా నడిచింది. వీధిలోకి చూసి, "ఆ ఎదురు దుకాణంవాడు బోర్డు మార్చాడే" అని తిరిగొచ్చి పడుకుంది.

అక్కడితో అన్నీ బాగైపోయాయనుకుంటే పొరపాటు. వారం తిరిగేసరికి ఆ గౌను కూడా వదులైంది. టేపమ్మ బిగించింది. గుడ్డ కత్తిరించకుండా మళ్లీ లోపలికే మడిచింది. ఆపై వారం ఇంకా బిగించింది. వదిన రెండు ముద్దలు తినేది, ఒకటి కక్కేది. నడవమంటే ఒకరోజు నడిచేది, ఒకరోజు తిట్టేది. గౌను లోపల మడతలు పెరిగి బరువెక్కుతోంది. నర్సులని ఒక్కరికి తగ్గించారు, మీట నొక్కే మంచాన్ని ఆసుపత్రికి ఇచ్చేశారు. మెట్లెక్కలేక ఎక్కి, మిషను ముందు కూర్చున్న ప్రతిసారీ టేపమ్మకి భయమే. ఒకరోజు ఇంట్లో అన్నం కలుపుకుంటూ ఆయన ముందే భోరుమంది. "బిగించడానికి ఇక చోటు లేదండీ." ఆయన ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాడు. మర్నాటినుంచి తనూ కూడా వచ్చి, గుమ్మంలో నిలబడకుండా అక్క పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు.

సంఘంవాళ్లు మళ్లీ ఫోను చేసి, వచ్చేవారం ఇంకో హాల్లో మాట్లాడమన్నారు. "కుదరదండీ, పనుంది" అంది టేపమ్మ. కంపెనీ అమ్మాక ఆ మాట అనడం అదే మొదలు. అన్నానన్న సంగతి ఫోను పెట్టేశాక గానీ ఆవిడకే తెలియలేదు.

వానలు తగ్గిన రోజుల్లో ఒకనాడు, టేపమ్మ మెట్లెక్కుతుండగానే పైనుంచి కేకలు వినపడ్డాయి. వదిన మంచం మీద కూర్చుని, ఒక చెయ్యి పైకెత్తడానికి తంటాలు పడుతోంది.

"వచ్చావా? ఏం కుట్టావే ఇది? చంకలో పట్టేస్తోంది. పొద్దున్నించీ చెయ్యి లేవట్లేదు, తల దువ్వుకోలేకపోయాను. అంత కంపెనీ ఎలా నడిపావే తల్లీ, ఒక్క గౌను సరిగ్గా కుట్టడం రాదు!"

టేపమ్మ దగ్గరికొచ్చి, చంక దగ్గర కుట్టుకీ ఒంటికీ మధ్య వేలు దూర్చి చూసింది. వేలు దూరలేదు. ఇంకోవైపు చూసింది. అక్కడా దూరలేదు. మిషను ముందున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

"మాట్లాడవేం? చీవాట్లు పెడితే కోపమా?"

"లేదు వదినా. కాస్త తింటున్నారా ఈ మధ్య?"

"తినక చస్తానా? మీ ఆయన పక్కన కూర్చుని నోట్లో కుక్కుతున్నాడు. దాని సంగతి తర్వాత, ముందు ఈ చంక సంగతి చూడు."

టేపమ్మ సొరుగులోంచి బ్లేడు తీసింది. గౌను విప్పించి తిరగేసి, మడతల మీద మడతల్లో అన్నిటికన్నా చివర వేసిన కుట్టు వెతికి పట్టుకుంది. దారాన్ని కోద్దామంటే కనిపించలేదు. కళ్లు నిండిపోయాయి. తుడుచుకుంటే మళ్లీ నిండాయి.

"కళ్లజోడు పెట్టుకోవే" అంది వదిన దుప్పటి కప్పుకుంటూ, "గుడ్డ చించుతావు."