పొద మీద మనిషి

కోరుట్ల అవతలి వాగు గట్టుకు పచ్చదనం తేవడానికి పొద్దున్నే జేసీబీ వచ్చింది. గట్టు మీద ముప్పై రెండు ఈత చెట్లు పచ్చగానే ఉన్నాయి. వాటిని పెకిలించి, ఆ గుంతల్లోనే మొక్కలు నాటి, పార్కు అని రిబ్బను కత్తిరిస్తారట. ఇంతటి తెలివి ఏ బడిలో చెబుతారో గానీ, ఆ చెట్లు గీసుకుని బతికే వెంకటి ఆ బడికి పోలేదు.

తండ్రి తర్వాత అతని చేతికి వచ్చిన చెట్లవి. ప్రతి మొదలు మీదా ఆబ్కారీ వాళ్లు వేసిన నంబరుంది. కల్లు దిగితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

మూడు రోజుల కింద బిడ్డ పద్మను వెంటబెట్టుకుని జగిత్యాల ఆఫీసుకు పోయాడు. పార్కు పని చూసే ఆఫీసరు ఫైలు తిప్పి చూపించాడు. పద్మ చదివింది. "సదరు స్థలంలో చెట్లు లేవు. పిచ్చి పొదలు మాత్రమే ఉన్నవి."

వెంకటికి ఒళ్లు మండిపోయింది.

"నీ బాధ నాకు తెల్వదా వెంకటీ" అన్నాడు ఆఫీసరు ఎంతో దయగా. "మొక్కలకు నీళ్లు పోసే పని ఇప్పిస్త, ఆర్నెల్లు. పేదోళ్లకు ఉపాధి అని గూడ ఈ ఫైల్లనే రాసినం."

ఇప్పుడు వెంకటి గట్టు చేరేసరికే మూడు చెట్లు నేల మీద ఉన్నాయి. ఒకదానికి కట్టిన లొట్టి పగిలి కల్లు మట్టిలోకి ఇంకుతోంది. అతను మోకు తీసి నడుముకూ ఏడో నంబరు చెట్టుకూ కలిపి బిగించి, సరసరా పైకెక్కాడు.

జేసీబీ నడిపే దస్తగిర్ బండి ఆపేశాడు.

"ఆపినవేంది? కానియ్యి!" జీపు దిగి అరిచాడు ఆఫీసరు.

"పైన మనిషున్నడు సార్. నాతోని గాదు."

"ఏయ్ వెంకటీ, దిగు! సర్కారు పనికే అడ్డమొస్తవా?"

"నేనేడ అడ్డమొచ్చిన సారూ? ఈడ చెట్లే లేవని రాస్తివి గద! మనిషి ఎక్కేటంత పొద ఏ ఊళ్లె ఉన్నదో జర సూపెట్టు!"

గట్టు మీద చేరిన జనం గొల్లున నవ్వారు. వెంకటి భార్య రాములవ్వ మాత్రం నవ్వలేదు. పోయి ఆ చెట్టు మొదట్లో కూర్చుంది.

ఆఫీసరు మొహం కందగడ్డయింది. నాలుగు దిక్కులా లేచిన సెల్‌ఫోన్లు చూసి గొంతు తగ్గించాడు. "ముందుగాల దిగు. నీకేం గావాల్నో కాయితం మీద రాసిస్త."

వెంకటి మోకును ఇంకో గుంజు గుంజి బిగించాడు.

"రాయి. ముప్పై రెండు చెట్లు అని రాయి. నిలబడ్డయి ఇరవై తొమ్మిది. పడ్డయి మూడు. ఆ మూడిటి పక్కన కూల్చినోని పేరు రాయాలె సారూ. నీ పేరు రాయి, నేను ఈన్నుంచే సూస్త."