ఆర్వో రాసిచ్చిన ఆలస్యం

పొద్దున ఎనిమిదింటి గంట మోగగానే మిస్ సిగ్నే లాహ్టీ తరగతి తలుపు మూసి తాళం వేసేది. పరిగెత్తుకొచ్చినవాళ్ళ ముక్కు ముందే తలుపు పడేది. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. ఊళ్ళో సగంమంది తండ్రులు ఒకప్పుడు ఆ తలుపు బయట నిలబడ్డవాళ్ళే కాబట్టి, మా పిల్లల్ని బయట నిలబెట్టావేమని ఎవరూ పేచీకి వచ్చేవారు కాదు. రాగి గని మూతపడ్డాక ఊళ్ళో వేళకి జరుగుతున్నది అదొక్కటే.

ఆ తలుపు బయట అందరికంటే ఎక్కువగా నిలబడ్డది ఆర్వో నీమీ. ఆఖరి ఏడు చదువుతున్నాడు. తాటిచెట్టంత మనిషి, మంచు అంటిన టోపీ చేత్తో పట్టుకుని, బూట్ల వంక చూస్తూ నిలబడేవాడు.

"ఇవాళేం కథ నాయనా?" అనేది ఆవిడ.

"దారిలో పని పడింది, మిస్."

ఎప్పుడడిగినా అదే మాట. ఏం పనో చెప్పమంటే నోరు విప్పడు. పొగరనుకుంది ఆవిడ. అనుకోక ఏం చేస్తుంది?

చదువు ముగించుకుని వెళ్ళిపోయేవాళ్ళు వీలునామాలు రాయడం ఆ బళ్ళో ఆనవాయితీ. తమ గుణమో అలవాటో ఏదో ఒకటి ఎవరికిస్తున్నదీ ఫిబ్రవరిలోనే తలా ఒక ముక్క రాసిచ్చేస్తారు, జూన్ మొదట్లో ఆటల హాల్లో అందరి ముందూ చదువుతారు. చదివిన మర్నాటికల్లా, ఎవరికి రాసింది వాళ్ళకి చేరిపోతుంది. ఇచ్చినవాళ్ళ దగ్గర మరి ఉండదు. ఒకమ్మాయి తన బుగ్గ సొట్ట స్నేహితురాలికి రాసేసి, తర్వాత అద్దం ముందు కూర్చుని ఏడ్చింది. ఇంకో ప్రబుద్ధుడు తన ఎక్కిళ్ళు సంగీతం టీచరుకి రాస్తే, క్రిస్మస్ పాటలన్నీ ఆ ఏడు ఎక్కిళ్ళతోనే సాగాయి. ప్రిన్సిపాల్ ట్రెవారో పెట్టిన నిబంధన ఒక్కటే, జబ్బులు రాయకూడదని. మిగతాది పిల్లల సరదా, కానీమని వదిలేశాడు.

ఆర్వో కూడా ఫిబ్రవరిలో ఏదో రాసిచ్చాడు.

మార్చిలో మిస్ లాహ్టీకి ఓపిక నశించింది. "ఇంకొక్కసారి ఆలస్యంగా వచ్చావో, ఈ ఏడు నువ్వు పట్టా పుచ్చుకోవు. మీ అమ్మతో కూడా చెప్పేసుకో," అంది. ఆర్వో తల ఊపాడు.

ఊరి దగ్గర సరస్సు లోపలికి చొచ్చుకుని వస్తుంది. నీమీల ఇల్లు అవతలి ఒడ్డున, బడి ఇవతల. రోడ్డంట తిరిగొస్తే చాలా దూరం. చలికాలంలో నీళ్ళు గడ్డకట్టాక, మంచు మీద చిన్న చిన్న స్ప్రూస్ మొక్కలు వరసగా పాతి అడ్డదారి గుర్తు పెడతారు. మంచు మెత్తబడ్డ రోజున ఆ మొక్కలు పీకేస్తారు. పీకేశాక ఇక అటు ఎవరూ కాలు పెట్టరు. ఆ ఏడు మంగళవారం పీకారు. బుధవారం పొద్దున ఆర్వో ఆ దారినే బయల్దేరాడు.

ఆ వేళ కూడా ఎనిమిదింటికి తలుపు పడింది. ఎప్పటిలాగే రాలేదనుకుని, ఆవిడ వాడి పేరు దగ్గర సున్నా చుట్టింది. మంచు పగిలి వాడు మునిగిపోయాడన్న కబురు మధ్యాహ్నం వచ్చింది.

జూన్‌లో వాడి వీలునామా చదవాలా వద్దా అని ఆర్వో తల్లి సైమాని ట్రెవారో అడిగాడు. "చదవండి. వాడి నోటి మాట ఇంకేం మిగిలింది గనక," అంది ఆవిడ. ఆటల హాల్లో ట్రెవారో లేచి గొంతు సవరించుకుని చదివాడు.

"నేను, ఆర్వో నీమీ, ఒళ్ళూ బుర్రా బాగానే ఉండి రాస్తున్నది. నా ఆలస్యం యావత్తూ మిస్ లాహ్టీకి. పాపం, ఆవిడకి అదొక్కటే లేదు."

వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. సైమా లేచి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. చనిపోయినవాడు రాసింది చేరుతుందో లేదో ఎవరికీ తెలియదు. అంతకుముందెప్పుడూ అలాంటిది జరగలేదు.

చేరింది. మర్నాడు మిస్ లాహ్టీ ఎప్పటి వేళకే ఇల్లు కదిలింది. ఇల్లు బడికి రెండు వీధుల అవతలే. కానీ కాళ్ళు బడివైపు తిరగలేదు, సరస్సు రోడ్డు పట్టాయి. ఆవిడ బళ్ళోకి అడుగుపెట్టేసరికి తొమ్మిది దాటింది. ఆ మర్నాడు చీకటితోనే బయల్దేరి చూసింది. అయినా అంతే. ఆదివారం చర్చికి వెళ్తే ప్రసంగం అయిపోయి జనం కాఫీ తాగుతున్నారు. ఆర్వో ఇచ్చిన ఆలస్యమేలే, అనుకుని ఆవిడకో కప్పు తీసి ఉంచడం మొదలుపెట్టారు.

సెప్టెంబరులో బడి తెరిచాక ట్రెవారో ఆవిణ్ణి పిలిచాడు. "మీరేం చేస్తారు లెండి, వీలునామా కదా. మీ తరగతి తలుపు నేను చూసుకుంటాను," అని తాళంచెవి పుచ్చుకున్నాడు. ఆ పద్ధతి ఆయనకి నచ్చింది. బళ్ళో తలుపులన్నిటికీ ఎనిమిదింటికి తాళాలు పడటం మొదలైంది. ఇక వద్దని ఆవిడ రెండుసార్లు అడిగి చూసింది. "మీరు నేర్పిందే కదా," అన్నాడాయన.

సరస్సు రోడ్డు వంపులో, నీమీలు ఉండే ఒడ్డునే, ఓస్కర్ కాంగస్ ఇల్లుంది. ఒకప్పుడు గనిలో పనిచేసిన ముసలాయన. మిస్ లాహ్టీ కాళ్ళు తీసుకెళ్ళి ఆపింది ఆ ఇంటి ముందే. ఆ మొదటి రోజు ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బూట్ల తాళ్ళు నేలమీద వేలాడుతున్నాయి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి ఒళ్ళో చచ్చుబడి పడుంది.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని తాళ్ళు కట్టింది.

"వాడు రెండేసి ముళ్ళు వేసేవాడు," అన్నాడు ఓస్కర్.

"రోజూనా?"

"రోజూ. మాంసం కూరిన పాస్టీ రొట్టె తెస్తే సగం నాకు పెట్టేవాడు. ఎవరితోనూ అనొద్దని నేనే ఒట్టేయించుకున్నాను. గనిలో చేసిన మనిషి బూట్లు కట్టుకోలేకపోవడమేమిటి, సిగ్గు కాదూ?"

"నాతో అన్నా బావుండేది," అంది ఆవిడ.

"ఆ పొద్దున, ఇవాళ వద్దు పోరా అన్నాను. ముడి వేసి మరీ వెళ్ళాడు. వేళ మించిపోతోందని మంచు మీదికి దిగాడు. అరిచాను. నా గొంతు ఎంత దూరం పోతుంది?" ఆయన బూట్ల వంక చూసుకున్నాడు. "ఇంకో ముడి వెయ్యమ్మా. వదులైపోతుంది."

ఆవిడ ఇంకో ముడి వేసింది. వేస్తూ ఏడ్చింది.

అప్పటినుంచీ ఆవిడ దినచర్య అదే. బాధేమీ తగ్గలేదు. ఊళ్ళో ఎప్పుడైనా ఎదురైతే, సైమా రోడ్డు దాటి అవతలి పక్క నడిచేది.

మళ్ళీ మార్చి వచ్చింది. ఆర్వో చెల్లెలు ఇల్మా అప్పుడు తొమ్మిదో తరగతి. కొడుకు పోయాక సైమా పొద్దున్నే మంచం దిగడం మానేసింది. పొయ్యి రాజేయడం, అమ్మ చేత నాలుగు ముద్దలు తినిపించడం అన్నీ ఆ పిల్ల మీదే పడ్డాయి. ఎన్నోసార్లు తలుపు బయట నిలబడింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే పై తరగతికి పంపనని ట్రెవారో చెప్పేశాడు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నాడో మిస్ లాహ్టీకి తెలుసు.

మంచు మీది మొక్కలు పీకేసిన మర్నాడు, ఆవిడ ఓస్కర్ రెండో బూటుకి ముడి వేస్తోంది. ఓస్కర్ ఎడమచెయ్యి ఆవిడ భుజం మీద బిగిసింది. ఒడ్డున ఇల్మా నిలబడి ఉంది. అవతల బడి గడియారం వైపు చూస్తోంది. ఒక కాలు అప్పటికే మంచు మీద పెట్టింది.

మిస్ లాహ్టీ పరిగెత్తలేదు. పరిగెడితే పిల్ల భయపడి ముందుకి పోతుందని తోచింది. ఎప్పుడూ పిలిచినట్టే పిలిచింది.

"ఇల్మా."

పిల్ల వెనక్కి తిరిగింది. "నాకు వేళైపోతోంది, మిస్. తలుపు వేసేస్తారు."

"వెయ్యనీ. నాకూ ఆలస్యమైంది. ఇద్దరం కలిసి వెళ్దాం రా."

"మీతో వస్తే ఇంకా ఆలస్యమవుతుంది," అంది ఇల్మా. ఆ మాటా నిజమే.

"అవుతుంది. అది మీ అన్నయ్య నాకిచ్చాడు. అందులో నీకు సగం ఇస్తాను. రా తల్లీ."

పిల్ల ఆ కాలు వెనక్కి తీసుకుంది. ఆవిడ దగ్గరికెళ్ళి, చెయ్యి పట్టుకుని రోడ్డు ఎక్కించింది. సగం దూరం వెళ్ళాక వెనకనుంచి మంచు ఫెళ్ళున పగిలిన చప్పుడైంది. ఇద్దరూ ఆగారు. ఇల్మా ఆవిడ కోటులో మొహం పెట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. మిస్ లాహ్టీ తొందరపెట్టలేదు.

బడి చేరేసరికి మొదటి పాఠం అయిపోవచ్చింది. తాను ముప్పై ఏళ్ళు మూసిన తలుపు మీద ఆవిడ తట్టింది. ట్రెవారో తీసి, ముందు ఇల్మానీ తర్వాత ఆవిణ్ణీ చూశాడు.

"మీ సంగతి సరే. ఈ పిల్లకేమొచ్చింది?"

ఇల్మా బూట్ల వంక చూస్తోంది. మిస్ లాహ్టీ ఆ పిల్ల చెయ్యి వదలకుండా, తాళంచెవి ఇమ్మని రెండో చెయ్యి చాపింది.

"దారిలో పని పడింది," అంది.