కోసేసిన అంచు

నాన్నకు పక్షవాతం వచ్చి మాట పడిపోయినప్పుడు మమ్మల్ని ఆదుకున్నది ముఖం కూడా ఎరగని ఒక నర్సమ్మ. నీళ్లు, నొప్పి, దిండు అంటూ మాట రాని రోగుల కోసం అరవై బొమ్మల కార్డులు గీసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ప్రతి కార్డు కిందా ఒకటే లైను: "ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి. మార్చినదాన్నీ ఇలాగే అందరికీ ఇవ్వండి."

నాన్న చెయ్యి లేచేది కాదు. నేను ప్రెస్సులో బొమ్మలు వేసేదాన్ని కదా, కూర్చుని వాటిని మార్చాను. నడుమ కిటికీలా ఖాళీ వదిలిన అట్ట, నాలుగు మూలలా బొమ్మలు. కళ్లు ఏ మూలకు తిరిగితే అదే మాట. లామినేషన్ కవరులో పట్టక కార్డుల కింది అంచులు బ్లేడుతో కోసేశాను. ఆ లైనూ పోయింది. అంతమాత్రానికే కొంపలు మునుగుతాయా అనుకున్నాను. నా తెలివి తగలెయ్య!

నాన్న ఏడాదిపాటు ఆ అట్టతోనే "ఫ్యాను ఆపు" అని నన్ను సతాయించి సతాయించి, వెళ్లిపోయాడు. తర్వాత ఆ అట్టను తయారుచేసి అమ్ముతామంటూ ఒక కంపెనీ వచ్చింది. పెట్టె మీద నా పేరు వేస్తామంటే పొంగిపోయి, అంతా నా సొంతమేనని సంతకం పెట్టేశాను.

పోయిన నెల ఫోను.

"అమ్మా, ఆ కార్డులు గీసిన నర్సు మా ఆవిడే. ఇప్పుడు తనకి కళ్లు తప్ప ఏవీ కదలట్లేదు. మీరేదో కళ్లతో మాట్లాడేది చేశారట, ఒకటి ఇస్తారా?"

కంపెనీ లాయరును అడిగాను.

"వచ్చే ఏడాది మార్కెట్లోకి వస్తుందండీ. ఈలోగా బయట ఒక్క కాపీ కనబడినా కేసు మీ మీదే."

భయపడ్డాను. ఇరవై రోజులు చచ్చేంత భయపడ్డాను. చివరికి సిగ్గేసి, బీరువాలోంచి నాన్న అట్ట తీసుకుని ఆస్పత్రికి వెళ్లాను.

"మొన్నటిదాకా కళ్లు తిరిగేవమ్మా," అన్నాడు నర్సమ్మ భర్త. "నాలుగు రోజులైంది, అవీ ఆగిపోయాయి."

అయినా అట్ట ఎత్తి పట్టుకున్నాను. ఆమె ఏ మూలకీ చూడలేదు. నడుమ ఖాళీలోంచి నా ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన అట్ట అందుకుని, ఒక్కో బొమ్మ కిందా బొటనవేలితో తడిమి చూశాడు.

"బాగా చేశారమ్మా. కింద మా ఆవిడ రాసిన లైను ఉండాలే?"

"కోసేశానండీ."

"ఎందుకమ్మా?"

"కవరులో పట్టలేదండీ."